అభిమాని చేతికి విజిల్: నడిగడ్డ నుంచి నల్లమల దాకా ఫుట్‌బాల్

ఫుట్‌బాల్ అభిమాని తన ఆటకు రెండు విధాలుగా తోడ్పడతాడు. ఒక క్లబ్బును తనదిగా భావించి, అది గెలిచినా ఓడినా వెంట నిలవడం మొదటిది. తనకు తెలిసిన ఆటను ఊళ్లోని పిల్లలకు నేర్పడం రెండోది. ఫుట్‌బాల్ బలంగా ఉన్న దేశాల్లో ఈ రెండు పనులూ చేసేది చాలావరకు ఒకే మనుషులు. పగలంతా ఉద్యోగమో వ్యాపారమో చేసుకుని, సాయంత్రం పిల్లలతో సాధన చేయించి, వారం చివర తమ క్లబ్బు మ్యాచ్‌కు వెళ్లేవాళ్లే అక్కడ ఆటకు ఆధారం.

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మెస్సీ, రొనాల్డో పేర్లు వినని కుర్రాళ్లు అరుదు. అయితే ఆ పేర్లు ఫోన్ తెర మీద నుంచి బడి మైదానంలోకి దిగాలంటే నేర్పేవాళ్లు కావాలి. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర చెప్పే ముఖ్యమైన పాఠం కూడా ఇదే. ఆ నగరం ఒకప్పుడు దేశాన్ని గెలిపించింది ఒక బడిపంతులు వల్ల. నేర్పే వరుస తెగిపోయాక అదే నగరం వెనకబడింది.

క్లబ్బు అంటే ఏమిటి?

ఫుట్‌బాల్‌లో అభిమానం ఎక్కువగా క్లబ్బుల చుట్టూ అల్లుకుంటుంది. దేశాల మధ్య ప్రపంచకప్ నాలుగేళ్లకు ఒకసారి వస్తుంది. క్లబ్బు మ్యాచ్ దాదాపు ప్రతి వారం ఉంటుంది. ఈ క్లబ్బుల్లో చాలా వాటి పుట్టుక సామాన్యమైనది. మాంచెస్టర్ యునైటెడ్ 1878లో రైల్వే కార్మికుల జట్టుగా మొదలైంది. బార్సిలోనా క్లబ్బు 1899లో ఆట ఇష్టపడే కొద్దిమంది యువకులు కలిసి పెట్టుకున్నది. కోల్‌కతాలో మోహన్ బగాన్ 1889లో, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టాయి. మోహన్ బగాన్ ఆటగాళ్లు 1911లో ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక జట్టును 2-1తో ఓడించారు. అందులో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ రోజు నుంచి బెంగాల్‌లో ఫుట్‌బాల్ క్లబ్బు ఆత్మగౌరవానికి గుర్తుగా మారింది.

కొన్ని దేశాల్లో క్లబ్బులో అభిమానికి చట్టబద్ధమైన హక్కు కూడా ఉంటుంది. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ క్లబ్బులకు యజమానులు వాటి సభ్యులే. అధ్యక్షుడిని వాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. జర్మనీలో పెట్టుబడిదారు ఎంత డబ్బు పెట్టినా, కొద్ది మినహాయింపులు తప్పిస్తే, సగానికి పైగా ఓటింగ్ హక్కు సభ్యుల సంఘం దగ్గరే ఉండాలి. భారతదేశంలోని లీగ్ క్లబ్బులు ఎక్కువగా కంపెనీల చేతుల్లో నడుస్తాయి. ఇక్కడ అభిమానికి ఉన్నది టికెట్టు, జెర్సీ, గొంతు మాత్రమే.

గద్వాల కుర్రాడికి యూరప్ క్లబ్బు అభిమానిగా ఉండటం నిద్రతో పోరాటం. ఇంగ్లండ్ లీగ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆట ఇక్కడ రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో వస్తుంది. చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లైతే చాలావరకు అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకో, చలికాలంలో ఒకటిన్నరకో మొదలవుతాయి. దూరంగా ఉన్నా ఆ అభిమానం నిజమైనదే. ఎత్తుగడలు, పాసులు, ఖాళీలను వాడుకునే తీరు టీవీ చూసే కుర్రాడి కంటికి అలవాటవుతాయి. ఆ చూపు పిల్లలకు నేర్పే పనిలో అక్కరకొస్తుంది.

దగ్గరి క్లబ్బు, దూరమైన క్లబ్బు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అభిమానులకు స్టేడియంలో కూర్చుని పెద్ద మ్యాచ్ చూసే అవకాశం హైదరాబాద్‌లోనే. హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు 2019లో ఏర్పడింది. గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం దాని సొంత మైదానంగా ఉండేది. ‘డెక్కన్ లీజియన్’ పేరుతో అభిమానుల బృందం తయారైంది. మొదటి సీజన్లో చివరి స్థానంలో నిలిచిన ఈ జట్టు, స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతికి వచ్చాక యువ భారత ఆటగాళ్లను నమ్ముకుని ఎదిగింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా సమమై, పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ సీజన్లో 18 గోల్స్‌తో బార్తొలొమ్యూ ఒగ్బెచే అగ్రస్థానంలో నిలిచాడు.

ఆ ఆనందం ఎంతోకాలం నిలవలేదు. 2023-24 సీజన్లో క్లబ్బు ఆర్థిక ఇబ్బందుల్లో చిక్కుకుంది, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఓటమిని అభిమాని తట్టుకోగలడు. క్లబ్బే ఊరు విడిచి పోతే అతడి అభిమానానికి నిలబడే చోటు లేకుండా పోతుంది. కంపెనీ పెట్టిన క్లబ్బు కంపెనీ నిర్ణయంతో వెళ్లగలదు. ఊరి పిల్లలతో, ఊరి మైదానంలో వేళ్లూనుకున్న క్లబ్బును అలా తరలించడం కష్టం.

హైదరాబాద్‌కు చెందిన మరో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ నగర శివార్లలోని డెక్కన్ ఎరీనాలో ఆడుతుంది. 2021-22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టి, 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ కోసం భారత జట్టు గచ్చిబౌలిలో మారిషస్, సిరియాలతో ఆడింది. అదే ఏడాది డిసెంబర్ 31న రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే జరిగింది. పశ్చిమ బెంగాల్ 1-0తో కేరళను ఓడించి 33వసారి కప్పు అందుకుంది.

2025 డిసెంబర్ 13న లియోనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కూడా జెర్సీ వేసుకుని మైదానంలో దిగారు. ఆయన సొంతూరు కొండారెడ్డిపల్లి నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలో ఉంది. అలాంటి ఒక సాయంత్రం వేల మంది పిల్లల్లో ఆశ రేపుతుంది. మర్నాడు ఆ పిల్లలకు బంతి, మైదానం, నేర్పే మనిషి దొరికితేనే ఆ ఆశ నిలుస్తుంది.

బడిపంతులు తయారుచేసిన భారత జట్టు

నేర్పే మనిషి ఒక్కడుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం చాలు. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో సాధించింది.

భారత జట్టు కోచ్‌గా రహీం 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చారు. ఫైనల్లో ఇరాన్‌పై గెలుపు 1-0తో. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్లకే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కు వెళ్లిన తొలి దేశం మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన జట్టు, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించింది. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించాలన్న రహీం నిర్ణయం ఫలించింది. ఒక గోల్ జర్నైల్‌ది, మరొకటి పీకే బెనర్జీది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశారు. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ సినిమా ఆయన జీవితం ఆధారంగా తీసినదే.

ఊళ్లో కోచ్‌గా మారాలనుకునే అభిమాని రహీం దగ్గర నేర్చుకోవలసింది ఆయన పద్ధతి. ఆయన కుడికాలు వాటం ఆటగాళ్ల చేత ఎడమకాలితో మాత్రమే ఆడించే పోటీలు పెట్టేవారు. బంతిని అట్టిపెట్టుకుని ముందుకు దూసుకుపోవడం నిషేధించి, పాసులతోనే ఆడాలన్న నియమంతో టోర్నమెంట్లు నడిపేవారు. వీటికి ఖర్చేమీ లేదు. ఒక లోపాన్ని గుర్తించి, అది పోయేలా ఆట నియమాన్నే మార్చడం ఆయన తెలివి.

పేద ఆటగాళ్ల పట్ల ఆయన చూపు కూడా గుర్తుంచుకోదగ్గది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంను స్థానిక పోటీల్లో చూసి సాధనకు రమ్మన్నారు. హైదరాబాద్ దాకా రావడానికి డబ్బుల్లేవని ఆ కుర్రాడు చెబితే, సైకిల్ అద్దె తానే ఇచ్చారు. ఆ బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, జకార్తా స్వర్ణ జట్టులో ఆడాడు. 1962లో అర్జున అవార్డు అందుకున్నాడు.

రహీం తర్వాత కూడా కొంతకాలం హైదరాబాద్ ఆటగాళ్లను ఇస్తూనే వచ్చింది. సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో భారత్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. మహమ్మద్ హబీబ్ కోల్‌కతా వెళ్లి అక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2గా సమం చేసిన మ్యాచ్‌లో హబీబ్ ఒక గోల్ కొట్టాడు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ ఆ వరుసలోనివారే. మంచి ఆటగాళ్లు కోల్‌కతా వెళ్లిపోవడం, ఉద్యోగాలిచ్చి జట్లను పోషించిన సంస్థలు వెనక్కి తగ్గడం, మైదానాలు కుదించుకుపోవడం, క్రికెట్ ఆకర్షణ — ఇవన్నీ కలిసి ఆ వైభవాన్ని తగ్గించాయి. కొత్త పిల్లలకు నేర్పే పని అదే ఊపుతో సాగి ఉంటే ఆ లోటు కొంతైనా పూడేది.

తండా నుంచి జాగ్రెబ్ దాకా

పెద్ద నగరాల పిల్లలకే ఫుట్‌బాల్ అన్న మాట నిజం కాదని నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య నిరూపించింది. జిల్లా స్థాయి శిక్షణతో మొదలై భారత జట్టుకు ఎదిగిన ఆమె, 2022లో క్రొయేషియాకు చెందిన డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ తరఫున 2024-25 జాతీయ మహిళల లీగ్ గెలిచిన జట్టులో ఉంది. అదే సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు తండాల్లో, చెంచు పెంటల్లో, గురుకులాల్లో చదువుతున్న ఆడపిల్లలకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

తుంగభద్ర దాటి కర్నూలు మీదుగా వెళితే వచ్చే అనంతపురంలో మరో నమూనా ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు అక్కడ క్రీడా గ్రామాన్ని కట్టింది. పిల్లలు ఉండి నేర్చుకునే ఫుట్‌బాల్ అకాడమీ నడుపుతోంది, స్పెయిన్‌లోని లా లిగా సహకారంతో పల్లె పిల్లలకు లీగ్ పోటీలు పెట్టింది. ఏడాదికొకసారి జరిగే టోర్నమెంట్‌లో మొదట్లోనే ఓడిన జట్టుకు ఆడటానికి ఒక్క మ్యాచే దొరుకుతుంది. లీగ్‌లో బలహీనమైన జట్టుకు కూడా మళ్లీ మళ్లీ ఆడే అవకాశం వస్తుంది. కరువు జిల్లాలో ఇది సాధ్యమైంది కాబట్టి, పాలమూరులోనూ (మహబూబ్‌నగర్ ప్రాంతంలోనూ) సాధ్యమే.

మూడు జిల్లాల్లో ఉన్న బలం

2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ పాతుకుపోయిన ఆటలు. క్రికెట్ ఎటూ ఉంది. ఫుట్‌బాల్‌కు ఇవి అడ్డు కావు. కబడ్డీ పిల్లల కాళ్లలో ఉన్న చురుకు, ఖోఖో పిల్లల మలుపు వేగం ఫుట్‌బాల్‌కు సరిగ్గా పనికొస్తాయి. ఈ ఆటలు నేర్పే వ్యాయామ ఉపాధ్యాయులు, పిల్లలు పీఈటీ సార్ అని పిలిచేవాళ్లు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో, గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఉన్నారు. చాలా మైదానాలు ఎర్రనేలలు. గడ్డి లేకపోయినా రాళ్లు, ముళ్లు ఏరి, సాధనకు ముందు కాసిని నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీస్తే నేర్పడానికి సరిపోతాయి.

2022లో రాష్ట్రమంతటా మొదలుపెట్టిన గ్రామ క్రీడా ప్రాంగణాలు పూర్తి ఫుట్‌బాల్ మైదానానికి చాలవు. ఐదుగురేసి ఆడే చిన్న ఆటకు మాత్రం అనువుగా ఉంటాయి. చిన్నపిల్లలకు కావలసింది ఆ చిన్న ఆటే. ఫిఫా, కేంద్ర విద్యాశాఖ కలిసి చేపట్టిన ‘ఫుట్‌బాల్ ఫర్ స్కూల్స్’ కార్యక్రమం కింద దేశంలోని బడులకు లక్షల బంతులు పంచారు. ఆ పంపిణీకి నవోదయ విద్యాలయాలను కేంద్రాలుగా పెట్టుకున్నారు. ఉమ్మడి జిల్లా నవోదయ నాగర్‌కర్నూల్ దగ్గర బిజినేపల్లి మండలం వట్టెంలోనే ఉంది. బడి బీరువాలో గాలి తీసి పెట్టిన బంతులుంటే వాటిని బయటికి తీయించడం స్థానిక అభిమాని చేయగల మొదటి పని.

ఏ వయసుకు ఎంత నేర్పాలి?

పిల్లల శిక్షణలో తరచూ జరిగే పొరపాటు, వాళ్లను చిన్న సైజు పెద్దవాళ్లుగా చూడటం. పదేళ్లలోపు పిల్లల్ని పెద్ద మైదానంలో పదకొండు మందిగా నిలబెడితే బంతి ముగ్గురు నలుగురికే అందుతుంది, మిగతావాళ్లు నిలబడి చూస్తారు. అందుకే ప్రపంచమంతటా చిన్న జట్ల పద్ధతి వచ్చింది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల వారికి నలుగురు లేదా ఐదుగురేసి, పన్నెండు దాకా ఏడుగురేసి, ఆ తర్వాత తొమ్మిది మందేసి, పద్నాలుగు దగ్గర పదకొండు మంది అనేది వాడుకలో ఉన్న క్రమం. చిన్న ఆటల్లో ఆఫ్‌సైడ్ నియమం పక్కన పెట్టవచ్చు.

బంతి కూడా వయసును బట్టి మారుతుంది. ఎనిమిదేళ్లలోపు వారికి మూడో నంబరు, పన్నెండేళ్ల వరకు నాలుగో నంబరు, ఆ పైన ఐదో నంబరు. పెద్దల బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. అది ఏడేళ్ల పిల్లవాడి కాలికి భారం. ఆ బరువుతో తన్నడానికి శరీరాన్ని వంకరగా తిప్పడం అలవాటైతే తర్వాత సరిదిద్దడం కష్టం.

గంట, గంటంపావు సాధన చాలు. మొదటి పావుగంట ఒళ్లు వేడెక్కే పరుగులు, గెంతులు. తర్వాత ఇరవై నిమిషాలు బంతితో నేర్పు: పాదం లోపలి వైపుతో పాస్, వచ్చిన బంతిని ఒక్క స్పర్శతో ఆపడం, దిశ మార్చడం. నలుగురు గుండ్రంగా నిలబడి, మధ్యలో ఉన్న ఒకరికి అందకుండా బంతి తిప్పే ఆట పాస్‌తో పాటు ఆలోచననూ నేర్పుతుంది. మిగిలిన సమయమంతా చిన్న జట్లుగా ఆట. వీలైతే ప్రతి పిల్లవాడికీ ఒక బంతి, లేకపోతే ఇద్దరికొకటి ఉండాలి. ఒక్క బంతి కోసం ఇరవై మంది వరుసలో నిలబడితే అది సాధన కాదు. రహీం పద్ధతిలో వారానికొకసారి బలహీనమైన కాలితోనే ఆడించాలి.

పన్నెండేళ్లు వచ్చేదాకా పిల్లలకు శాశ్వతమైన స్థానాలు కేటాయించకూడదు. ఈ వారం గోల్‌కీపర్‌గా నిలిచినవాడు వచ్చే వారం ముందు వరుసలో ఆడాలి. గెలుపు కోసం ఎత్తుగా ఉన్న ఇద్దరినే ప్రతిసారీ ఆడిస్తే మిగతావాళ్లు ఆట మానేస్తారు. పదేళ్లకు పొట్టిగా ఉన్న పిల్లవాడు పదిహేనేళ్లకు జట్టులో అందరికన్నా మెరుగ్గా ఆడవచ్చు. అప్పటిదాకా ఆటలో నిలబెట్టడం కోచ్ పని.

ఎండ, దెబ్బలు, భద్రత

పాలమూరు ఎండల్లో మార్చి నుంచి జూన్ దాకా సాధన పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం ఐదు తర్వాతే పెట్టాలి. పదిహేను ఇరవై నిమిషాలకొకసారి అందరూ నీళ్లు తాగాలి. ఆట నియమాలే వేడి ఎక్కువగా ఉన్నప్పుడు 90 సెకన్ల నుంచి మూడు నిమిషాల దాకా చల్లబడే విరామాన్ని అనుమతిస్తాయి. తల తిరుగుతోందన్న పిల్లవాడిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడవాలి. మాట తడబడినా, స్పృహ తగ్గినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఫిఫా రూపొందించిన ‘11 ప్లస్’ అనే ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామాలు మోకాలి, చీలమండ గాయాలను బాగా తగ్గిస్తాయని పరిశోధనల్లో తేలింది. వాటికి ఏ పరికరమూ అక్కర్లేదు. తలతో బంతి కొట్టడం చిన్నపిల్లల సాధనలో వద్దు. అమెరికాలో పదేళ్లు, అంతకు తక్కువ వయసు వారికి అది నిషేధం; ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల సాధనలో లేదు. గోల్‌పోస్టులు నేలలో గట్టిగా పాతి ఉండాలి. వదులుగా నిలబెట్టిన ఇనుప పోస్టు మీద పిల్లలు వేలాడితే ప్రాణాపాయం.

తల్లిదండ్రుల అనుమతి, ప్రథమ చికిత్స పెట్టె, ఆడపిల్లల సాధన దగ్గర ఒక మహిళ ఉండటం తప్పనిసరి. తిట్లు, దెబ్బలు శిక్షణలో భాగం కావు. వయసు తగ్గించి చూపే అలవాటును మొదట్లోనే ఆపాలి. జాతీయ స్థాయి పోటీల్లో మణికట్టు ఎక్స్-రేతో వయసు నిర్ధారిస్తారు. అక్కడ దొరికిపోయిన పిల్లవాడి భవిష్యత్తే దెబ్బతింటుంది.

కోచ్ కావడానికి దారి

ఆట చూసిన అనుభవం ఆరంభానికి చాలు, కొనసాగడానికి చాలదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్రారంభ స్థాయి కోర్సులు నడుపుతుంది. డి-లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. ఆ తర్వాత సి, బి, ఎ, ప్రో లైసెన్సులు వరుసగా ఉంటాయి. చిన్నపిల్లల కోసం ‘బ్లూ కబ్స్’ పేరుతో సమాఖ్య ప్రత్యేక కార్యక్రమం ఉంది. ప్రతి మే 15న ఆసియా సమాఖ్య జరిపే గ్రాస్‌రూట్స్ దినోత్సవాన్ని ఏ ఊళ్లోనైనా ఒక పూట పిల్లల ఆటతో జరుపుకోవచ్చు.

పిల్లలకు పై మెట్లు బడి పోటీలు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాలున్నాయి; మండలంలో ఎంపికైతే జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి వెళ్లవచ్చు. భారత వాయుసేన పర్యవేక్షణలో 1960 నుంచి సాగుతున్న సుబ్రతో కప్ బడుల జట్ల మధ్య జరిగే జాతీయ పోటీ. అండర్-17లో బాలురకు, బాలికలకు వేర్వేరుగా ఉంటుంది. హైదరాబాద్ వెళ్లి ఆడగల యువకులకు రహీం పేరుతోనే జరిగే నగర లీగ్ ఉంది. చదువు మాత్రం మధ్యలో ఆగకూడదు. శిక్షణ పొందినవారిలో కొద్దిమందే వృత్తి ఆటగాళ్లవుతారు. మిగతావారికి రిఫరీ, కోచ్, వ్యాయామ ఉపాధ్యాయుడు, క్రీడా కోటాలో పోలీసు లేదా రైల్వే ఉద్యోగం వంటి దారుల్లో చదువు అక్కరకొస్తుంది.

అభిమానికి చెప్పవలసిన మాట

రాత్రి యూరప్ మ్యాచ్ చూసే అభిమానమూ, సాయంత్రం పిల్లలకు పాస్ నేర్పే ఓపికా ఒకే మనిషిలో ఇమిడిపోతాయి. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో తమ క్లబ్బు జెర్సీ వేసుకుని తిరిగే యువకులు వారానికి రెండు సాయంత్రాలు ఊరి బడికి ఇస్తే, ప్రధానోపాధ్యాయుడి అనుమతి, పీఈటీ సార్ తోడు, పది బంతులు ఉంటే పని మొదలవుతుంది. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఇలాంటి జట్లు తయారైతే నెలకు రెండు ఆదివారాలు వాటి మధ్య లీగ్ పెట్టుకోవచ్చు. ఆ లీగ్‌లో ఆడే జట్టును ఏ కంపెనీ ఢిల్లీకి తీసుకుపోలేదు. దాని అభిమానులు కూడా ఆ ఊరివాళ్లే అవుతారు. జెర్సీ ఉన్న ప్రతి యువకుడూ ఈ సాయంత్రమే తన ఊరి బడికి వెళ్లి, పీఈటీ సార్‌ను కలిసి, ఎన్ని బంతులున్నాయో అడగాలి.